సంతకం పెట్టాక మారిన ఉత్తరాలు

ఆ ల్యాబులో ఆమెను అందరూ భూతద్దం అనేవారు. ఎదురుగా కాదు, ఆమె అటు తిరిగాక. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి బాధపడలేదు సరికదా, ఇంటికెళ్ళి మొగుడితో చెప్పి మురిసిపోయింది. పాత ఉద్యోగంలోనూ అదే పేరు. చోటు మారినా పేరు వెతుక్కుంటూ వచ్చిందంటే అది వెక్కిరింపు కాదు, బిరుదేనని ఆమె నమ్మకం. ఆ నమ్మకంలో తప్పేమీ లేదు.

పాత ఉద్యోగమంటే ప్రూఫులు దిద్దడం. పద్దెనిమిదో ఏట ఓ చిన్న అచ్చాఫీసులో చేరింది. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరసలు పేర్చే రోజుల్లో మొదలుపెట్టి, కంప్యూటర్లు వచ్చి ఆ సీసమంతా పాత సామాన్ల కొట్టుకు చేరేదాకా అక్కడే ఉంది. పాఠ్యపుస్తకాలు, పెళ్ళి కార్డులు, మందుల డబ్బాల్లో మడిచిపెట్టే కాగితాలు, బస్సుల వేళల పట్టికలు అన్నీ ఆమె కళ్ళ కింద నుంచే వెళ్ళాయి. ఇరవై ఎనిమిదేళ్ళలో తాను వదిలేసిన తప్పులు ఐదని ఆమే చెబుతుంది. ఆ ఐదూ ఏ పుస్తకంలో ఏ పేజీలో పడ్డాయో కూడా చెబుతుంది. మన తప్పులు మనకెవరికైనా అంత బాగా గుర్తుంటాయా?

అచ్చాఫీసు మూతపడ్డాక, నలభై ఆరేళ్ళ వయసులో, రక్తపరీక్షలూ కణితుల పరీక్షలూ చేసే ఈ ల్యాబులో హెల్ప్ డెస్క్ ఉద్యోగం దొరికింది. పెద్ద పనేమీ కాదు, ఫోనెత్తడం. వెబ్‌సైటు తెరుచుకోవడం లేదని ఒకరు, పాస్‌వర్డ్ మర్చిపోయానని ఒకరు. ఒకసారి ఓ డాక్టరుగారు ఫోన్ చేసి, "పాస్‌వర్డ్ గడిలో ఎనిమిది చుక్కలు కనిపిస్తున్నాయమ్మా, నేనూ ఎనిమిది చుక్కలే కొట్టాను, అయినా లోపలికి రానివ్వడం లేదు" అన్నాడు. ఆమె నవ్వు ఆపుకుని, ఆయనతో పాస్‌వర్డ్ మళ్ళీ పెట్టించి, ఫోను కింద పెట్టాక ఇద్దరు టైపిస్టులకు చెప్పి కడుపుబ్బ నవ్వించింది. అలాంటి ఉద్యోగంలో ఐదేళ్ళు గడిచాయి. ఫోనులో తెగని చిక్కయితే ఇంజినీరుకు అప్పజెప్పాలి. అది పద్ధతి. ఆమెను కంప్యూటర్ సంగతులు ఎవరూ అడగరు, ఆమె చెప్పినా వినరు.

ఆ ల్యాబు నుంచి రిపోర్టులు ఆస్పత్రులకు మెయిల్‌లో వెళతాయి. మామూలు మెయిల్ కాదు. టైపిస్టు రిపోర్టు టైపు చేస్తుంది. ల్యాబు డాక్టరమ్మ తెరమీద చదివి, సరే అనుకుంటే సంతకం బటన్ నొక్కుతుంది. సంతకమంటే పేరు గీకడం కాదు. ఆ రిపోర్టులో ఉన్న ప్రతి అక్షరాన్నీ లెక్కలోకి తీసుకుని కంప్యూటర్ వేసే ముద్ర అది. తర్వాత ఒక్క అంకె మార్చినా ముద్ర చెడిపోతుంది. సంతకమయ్యాక టైపిస్టు చిరునామా సరిచూసి, పంపు బటన్ నొక్కుతుంది. అప్పుడు దానికి తాళం పడుతుంది. ఆ తాళం తీసే చెవి ఆస్పత్రి దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదు. దారిలో ఎవరైనా పట్టుకున్నా చదవలేరు, మార్చలేరు. ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, ఆ కాగితాన్ని బట్టే ఒకరి రొమ్ము తీయాలో వద్దో తేలుస్తారు.

బుధవారం ఉదయం పెద్దాస్పత్రి భద్రతాధికారి ఫోన్ చేసింది. ఎండిన రొట్టెలాంటి గొంతు. మూడు వారాల్లో వచ్చిన రిపోర్టుల్లో పంతొమ్మిదింటి మీద 'సంతకం పెట్టాక ఈ ఉత్తరం మారింది' అని ఎర్రగా వస్తోందట. ఎవరు మార్చారో శుక్రవారం సాయంత్రం నాలుగింటిలోగా చెప్పకపోతే మీ ల్యాబు రిపోర్టులు ఇక తీసుకోమని తేల్చేసింది. భూతద్దం ఆ పంతొమ్మిది నంబర్లూ రాసుకుని, పద్ధతి ప్రకారం ఇంజినీరుకు ఇచ్చింది. ఇచ్చే ముందు, అలవాటు చావక, అవి ఎవరు టైపు చేశారో చూసింది. పంతొమ్మిదీ పిన్నిగారివే.

పిన్నిగారంటే ఆ ల్యాబులో అందరికంటే పాత టైపిస్టు. ముప్ఫై ఒక్కేళ్ళ సర్వీసు, ఇంకో నాలుగు నెలల్లో రిటైర్మెంటు. నుదుట పెద్ద బొట్టు, ముక్కు మీద కోపం. పొద్దున్న అందరికంటే ముందొచ్చి కుర్చీ తుడుచుకుని కూర్చుంటుంది. డాక్టరమ్మ దస్తూరీ ఎవరికీ అర్థం కానప్పుడు పిన్నిగారికే చూపిస్తారు. ఒక్కోసారి డాక్టరమ్మ కూడా తన దస్తూరీ తనకే అర్థం కాక ఆవిడ దగ్గరికే వస్తుంది. అలాంటి మనిషి రిపోర్టు మార్చిందంటే ఎవరు నమ్ముతారు? ఎవరూ నమ్మరనే మీరూ నేనూ అనుకుంటాం. కానీ నమ్మారు.

ఇంజినీరు గంటసేపు చూసి మేనేజరు గదిలోకి వెళ్ళాడు. చెడ్డవాడేం కాదు. తెలివైనవాడు, పనిమంతుడు. తాను రాసిన ప్రోగ్రాములంటే సొంత పిల్లలంత ప్రేమ, అదొక్కటే లోపం. "తాళం పడ్డాక దారిలో ఎవరూ ముట్టుకోలేరు సార్. సంతకం డాక్టరమ్మది. సంతకానికీ తాళానికీ మధ్య ఉన్నది పిన్నిగారి చెయ్యి ఒక్కటే. చిరునామా సరిచూసుకునే పేజీలో రిపోర్టు కూడా తెరుచుకుంటుంది. మార్చాలంటే మార్చొచ్చు" అన్నాడు. మార్చిందని అతను అనలేదు. మార్చొచ్చన్నాడు. ఆ మాట గది దాటి వచ్చేసరికి మార్చిందనే అయింది.

మేనేజరు హాలు మధ్యకొచ్చి నిలబడ్డాడు. నమూనాలు తీసేవాళ్ళు, రిసెప్షన్ అమ్మాయి, ఇద్దరు టైపిస్టులు, ఇరవై మంది దాకా ఉన్నారు. "ఇన్నేళ్ళు నమ్మినందుకు మాకు మంచి బుద్ధే చెప్పారు. శుక్రవారం దాకా కీబోర్డు ముట్టుకోకండి. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత" అన్నాడు పిన్నిగారితో. ఆవిడ కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టుకుని, పాత ఫైళ్ళు పెట్టే గదిలోకి వెళ్ళి బల్ల ముందు కూర్చుంది. నిప్పు లేనిదే పొగ రాదని ఎవరో గొణిగారు. ఆ గొణిగినవాళ్ళ ఇంటి రిపోర్టులు కూడా ముప్ఫై ఏళ్ళుగా ఆ చేతులే టైపు చేశాయి.

భూతద్దానికి ఒళ్ళు మండింది. కానీ ఆమె ప్రూఫు రీడరు. మనిషి మంచిదని అక్షరం చూడకుండా వదిలెయ్యడం ఆమెకు రాదు. మధ్యాహ్నం ఫైళ్ళ గదికి వెళ్ళి, తలుపు దగ్గరే నిలబడి, అడగలేక అడగలేక అడిగింది. "పిన్నిగారూ, డాక్టరమ్మ సంతకం పెట్టాక మీరేమైనా మార్చారా? పొరపాటునైనా?"

పిన్నిగారు ఆమె వంక చూసింది. "లేదు" అంది. అని మొహం గోడవైపు తిప్పుకుంది.

ఆ తిప్పుకోవడం భూతద్దానికి గుండెల్లో ముల్లులా దిగింది. సాయంత్రం ఇంటికెళ్ళినా అదే బాధ. మొగుడు ఓ బట్టల కుట్టుశాలలో కట్టింగ్ మాస్టరు. గుడ్డ మీద సుద్దతో గీసే గీత ఎంత సూటిగా ఉంటుందో మాటా అంతే సూటిగా ఉంటుంది. కథంతా విని, "అడగాల్సింది అడిగావు. ఏడుపెందుకు?" అన్నాడు.

"ఆవిడ మొహం నువ్వు చూళ్ళేదు."

"సరే, ఆవిడ మార్చలేదంది. నువ్వు నమ్ముతున్నావా?"

"నమ్ముతున్నాను."

"మరింకేం? అది నిజమని చూపించు. నీ ఐదు తప్పుల పురాణం ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. ఈసారి ఎదుటివాళ్ళ తప్పు ఒకటి పట్టుకురా, విని తరిస్తాను" అని కంచం ముందుకు తోశాడు. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వాక ఆకలీ వేసింది.

గురువారం పొద్దున్నే వచ్చి మూడు వారాల జాబితా ముందేసుకుంది. పిన్నిగారు ఆ మూడు వారాల్లో ఆ ఆస్పత్రికి పంపినవి నలభై రెండు. అందులో పంతొమ్మిది చెడ్డాయి, ఇరవై మూడు శుభ్రంగా వెళ్ళాయి. ఈ ఇరవై మూడింటి సంగతి ఎవరూ చూడలేదు. దొంగ దొరికాడనుకున్నాక దొంగతనం జరగని ఇళ్ళ గురించి ఎవరు ఆలోచిస్తారు? ఆమె ఒక్కొక్కటీ తెరిచింది. బాగా వెళ్ళినవన్నీ రక్తపరీక్షలు, ఉత్త అంకెల పట్టికలు. చెడినవన్నీ కణితుల రిపోర్టులు, వాక్యాలు రాసి వివరించేవి. అంకెలకు ఏమీ కాలేదు. మాటలున్న ప్రతి ఉత్తరమూ చెడింది. ఒక మనిషి దురుద్దేశంతో చేస్తే ఇంత క్రమంగా చేస్తుందా? మనుషులు తప్పు చేస్తే అడ్డదిడ్డంగా చేస్తారు. ఇంత వరస తప్పకుండా చేసేది యంత్రమే. అచ్చాఫీసులో ఒక అక్షరం అరిగిపోతే అది పడ్డ ప్రతి చోటా ఒకేలా పడేది.

ఆస్పత్రికి ఫోన్ చేసింది. "చెడిన వాటిలో ఒకదాన్ని మీ వైపు తాళం తీశాక ఎలా ఉందో అలాగే మాకు పంపించగలరా మేడమ్? మా చెవితో తెరుచుకునేలా తాళం వేసి పంపండి."

"మీరు ఇంజినీరా?" అంది ఎండిన గొంతు.

"కాదండీ. హెల్ప్ డెస్క్."

"ఇంతవరకూ ఇది అడిగింది మీరే" అని, డాక్టరమ్మ అనుమతి ఉంటే పంపుతానంది. డాక్టరమ్మ అనుమతి ఇవ్వడమే కాదు, వచ్చి పక్కన నిలబడింది కూడా. పిన్నిగారు లేక ఆమె దస్తూరీ నిన్నటి నుంచి అనాథ అయిపోయింది.

అరగంటలో ఉత్తరం వచ్చింది. ఇంజినీరు దాన్నీ, ల్యాబులో దాచిన సంతకం నాటి కాపీనీ పోలిక చూసే ప్రోగ్రాములో పెట్టాడు. 'తేడా లేదు' అంది అది. "చూశారా! రెండూ ఒకటే" అన్నాడు.

"ఒకటే అయితే సంతకం ఎందుకు చెడింది బాబూ?"

అతను తల గోక్కున్నాడు. మేనేజరు మాత్రం గోక్కోలేదు. "మార్చి, భయమేసి మళ్ళీ మామూలుగా పెట్టేసి ఉంటుంది" అన్నాడు. మళ్ళీ మామూలుగా పెడితే ముద్ర చెడదని కూడా ఆయనకు తోచలేదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం.

భూతద్దం రెండు కాపీలూ కాగితం మీద తీసింది. పాత స్కేలు ఒకటి అడిగి పుచ్చుకుని, వరస కింద వరస పెట్టుకుంటూ, ఒక కాపీలో ఒక మాట, రెండో కాపీలో అదే మాట, వేలితో తాకుతూ చదివింది. రెండుసార్లు ముందు నుంచి వెనక్కి, ఒకసారి వెనక నుంచి ముందుకి. వెనక నుంచి చదివితే అర్థం అడ్డురాదు, అక్షరం ఒక్కటే కనిపిస్తుంది. అది ప్రూఫు రీడర్ల పద్ధతి. ఒక్క తేడా కనిపించలేదు. మొదటిసారి ఆమెకు భయం వేసింది. తన కళ్ళే పోయాయా? లేక పిన్నిగారే... ఆ ఆలోచనను అక్కడే తుంచేసింది.

అప్పుడు అక్షరాల లెక్క చూసింది. అచ్చాఫీసులో పేజీ ఎంత నిండుతుందో తెలియడానికి మొదట చేసే పని అదే. ల్యాబులో ఉన్న కాపీలో పద్దెనిమిది వందల నలభై ఆరు. ఆస్పత్రి నుంచి వచ్చినదాంట్లో పద్దెనిమిది వందల ముప్ఫై రెండు. మాటలన్నీ ఉన్నాయి, అక్షరాలన్నీ ఉన్నాయి, అయినా పద్నాలుగు తక్కువ. ఏమీ పోలేదు, కానీ పద్నాలుగు పోయాయి. అలా పోగలిగేది ఏమిటి?

ఆమె కూర్చున్నచోటే నిటారుగా అయింది. సీసపు అక్షరాల రోజుల్లో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఊరికే రాదు. దానికీ ఒక సీసం ముక్క పెట్టాలి. అచ్చులో కనిపించదు కానీ చేతిలో బరువుంటుంది. ఒక్క ముక్క జారితే వరసంతా కదిలిపోతుంది. ఈ కుర్రకారుకు ఖాళీ అంటే ఏమీ లేకపోవడం. ఆమెకు ఖాళీ అంటే ఒక వస్తువు.

"ఖాళీలు కనిపించేలా చెయ్యడానికి ఏదైనా బటన్ ఉందా?" అని ఇంజినీరును అడిగింది. ఉంది. నొక్కగానే మాటల మధ్య ఖాళీలున్న చోటల్లా సన్నని చుక్కలు వచ్చాయి. ల్యాబు కాపీలో ఏడు పేరాలు. ప్రతి పేరా చివర, ఫుల్‌స్టాప్ తర్వాత, రెండేసి చుక్కలు. ఏడు రెళ్ళు పద్నాలుగు. ఆస్పత్రి కాపీలో పేరాల చివర ఏమీ లేదు.

"ఖాళీలేగా!" అన్నాడు ఇంజినీరు. "పోలిక ప్రోగ్రాము వాటిని లెక్కలోకే తీసుకోదు."

"నీ ప్రోగ్రాము తీసుకోదు. సంతకం తీసుకుంటుందిగా?"

అతను తల ఊపాడు. తీసుకుంటుంది. సంతకానికి ఖాళీ కూడా అక్షరమే.

పేరా అయిపోయాక రెండు ఖాళీలు ఎవరు కొడతారు, ఎందుకు కొడతారు? మిగతా ఇద్దరు టైపిస్టుల రిపోర్టులు చూస్తే ఒక్కదాంట్లోనూ లేవు. ఆమె ఓ కీబోర్డు చంకన పెట్టుకుని ఫైళ్ళ గదికి వెళ్ళింది. అక్కడున్న పాత కంప్యూటరుకు దాన్ని తగిలించి, "పిన్నిగారూ, ఒక్క నాలుగు వరసలు కొట్టి చూపిస్తారా?" అంది.

"నన్ను ముట్టుకోవద్దన్నారు."

"అది రిపోర్టులకు. ఇది నాకోసం."

"నీ కోసమా?" అంది ఆవిడ. ఆ 'నీ' లో ఎంత కారం ఉందో! కానీ టైపిస్టు ముందు కీబోర్డు పెట్టి ఊరుకోమనడం కుదిరే పని కాదు. వేళ్ళు వాటంతటవే వెళ్ళి వాటి స్థానాల్లో కూర్చున్నాయి. గోడమీద ఎలుకల మందు ప్రకటన ఉంటే దాన్నే చూస్తూ కొట్టింది, కీబోర్డు వంక చూడలేదు. వాక్యం అయింది. ఫుల్‌స్టాప్. వెంటనే బొటనవేలు టక్, టక్, రెండుసార్లు ఖాళీ మీద పడింది. అప్పుడు కింది వరసకు వెళ్ళింది.

"ఆ రెండుసార్లు ఎందుకు కొట్టారు?"

"ఏ రెండుసార్లు?"

ఆవిడకు తాను కొడుతున్నట్టే తెలియదు. మళ్ళీ కొట్టించి చూపిస్తే తెల్లబోయింది. తర్వాత మెల్లగా గుర్తొచ్చింది. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టారు బెత్తం పట్టుకుని వెనక తిరిగేవాడట. ఫుల్‌స్టాప్ పడ్డాక రెండు ఖాళీలు పడకపోతే వేళ్ళ మీద ఒక్కటి పడేది. పేరా మధ్యలో అయినా, చివర అయినా సరే. "పదిహేడేళ్ళప్పుడు పడ్డ దెబ్బలే తల్లీ. మాస్టారు పోయి ఎన్నేళ్ళయిందో, భయం మాత్రం బొటనవేల్లోనే ఉండిపోయింది" అంది. అని, తాను నవ్వబోతున్నానని గుర్తొచ్చి, మళ్ళీ మొహం బిగించుకుంది.

అంకెల పట్టికల్లో ఫుల్‌స్టాప్‌లుండవు. అందుకే అవి చెడలేదు. అంతా సరిపోయింది, ఒక్కటి తప్ప. ఆ ఖాళీలు సంతకం అయ్యాక ఎలా మాయమవుతున్నాయి? ఎవరి చేతిలో?

శుక్రవారం ఉదయం ఆమె మేనేజరు గదిలోకి వెళ్ళి, మూడు ఉత్తరాలు పంపుతానంది. ఒకటి ఉత్త అంకెలు. రెండోది పిన్నిగారు తన ధోరణిలో కొట్టిన నాలుగు పేరాలు. మూడోది అవే నాలుగు పేరాలు, చివరి ఖాళీలు ముందే తీసేసినవి. మూడింటికీ డాక్టరమ్మ సంతకం పెడుతుంది. పంపు బటన్ మేనేజరే నొక్కాలి. పిన్నిగారు ఆ గది గడప కూడా తొక్కదు. నొక్కే ముందే ఆమె ఒక కాగితం మీద మూడు మాటలు రాసి, మడిచి, బల్లమీద పెట్టింది.

మేనేజరు నొక్కాడు. ఆస్పత్రి అధికారిని స్పీకరులో పెట్టారు. "మొదటిది బాగుంది" అంది ఎండిన గొంతు. కాసేపాగి, "రెండోది ఎరుపు. సంతకం పెట్టాక మారిందంటోంది." ఇంకా కాసేపాగి, "మూడోది బాగుంది."

డాక్టరమ్మ మడత విప్పి చదివింది. బాగుంటుంది, చెడుతుంది, బాగుంటుంది. చదివి ఆ కాగితాన్ని మేనేజరు ముందుకు జరిపింది. రెండో ఉత్తరం పంపింది మేనేజరుగారి చూపుడువేలు. పిన్నిగారు గదిలో లేనప్పుడు కూడా ఉత్తరం మారింది. ఆ గదిలో ఆ క్షణాన భూతద్దం ఎంత పొడుగ్గా నిలబడిందో చూడాల్సింది! ఐదడుగులైనా లేని మనిషి.

ఇంజినీరు అప్పటికే లాప్‌టాప్ తెరిచాడు. పది నిమిషాలు కదలలేదు. తర్వాత చెవులు ఎర్రబడ్డాయి. "నాదే సార్" అన్నాడు. "మూడు వారాల కిందట తాళం వేసే ప్రోగ్రాము కొత్తది పెట్టాను. తాళం వేసే ముందు వరసల చివరున్న ఖాళీలు ఊడ్చేస్తుంది. శుభ్రంగా ఉంటుందని నేనే రాశాను. సంతకం అంతకుముందే అయిపోయి ఉంటుందని... తోచలేదు." సంతకానికీ తాళానికీ మధ్య పిన్నిగారి చెయ్యి ఒక్కటే ఉందని చెప్పిన రోజున తన ప్రోగ్రాము కూడా అక్కడే ఉందని అతనికి గుర్తు రాలేదు. సొంత బిడ్డను ఎవరు అనుమానిస్తారు? కానీ ఒప్పుకున్నాడు, అందరి ముందూ, ఎవరూ గుచ్చి అడక్కముందే. దానికి అతన్ని మెచ్చుకోవాలి.

మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు. "హమ్మయ్య! ఇంతేనా? పిన్నిగారిని ఆ రెండు ఖాళీలు కొట్టొద్దని చెబుదాం, సరిపోతుంది."

"సరిపోదండీ" అంది భూతద్దం. మేనేజరుతో ఐదేళ్ళలో ఆమె 'కాదు' అనడం అదే మొదలు. "ఆవిడ కొట్టింది సంతకం ముందు. డాక్టరమ్మ ఆ ఖాళీలతో సహా చదివి సంతకం పెట్టారు. మా అచ్చాఫీసులో రచయిత చివరి ప్రూఫు మీద సంతకం చేశాక, ప్రెస్సు యజమాని కూడా కామా ముట్టుకునేవాడు కాదు. తప్పున్నా సరే, అడిగి, మళ్ళీ సంతకం పెట్టించుకునేవాడు. ఇవాళ ఖాళీలు ఊడ్చింది. రేపు ఇంకేదో అక్కర్లేదనుకుని ఊడుస్తుంది. ఊడ్చుకోవాలంటే సంతకానికి ముందు ఊడ్చుకోమనండి. తర్వాత వద్దు."

"ఆమె చెప్పిందే సరైన పద్ధతి" అంది స్పీకరులోంచి ఎండిన గొంతు. ఫోను ఇంకా పెట్టెయ్యలేదని అప్పుడు గుర్తొచ్చింది అందరికీ. "మీ ఇంజినీరింగ్ విభాగంలో ఆవిడ ఏ హోదాలో ఉన్నారు?"

డాక్టరమ్మ, "ఇంతవరకూ ఏ హోదాలోనూ లేరు. అది మా పొరపాటు" అంది.

గంటలో ఇంజినీరు ఆ ఊడ్చే పని తీసేశాడు. అదే రెండో ఉత్తరం, అవే ఖాళీలతో, మళ్ళీ పంపారు. పన్నెండు గంటల పదినిమిషాలకు ఆస్పత్రి నుంచి బాగుందన్న మాట వచ్చింది. పాత పంతొమ్మిదీ మళ్ళీ పంపితే అవీ బాగున్నాయన్నారు. నాలుగింటి గడువుకు మూడు గంటల ముందే పని తెమిలిపోయింది.

మేనేజరు ఫైళ్ళ గదివైపు రెండడుగులు వేశాడు. "నేను వెళ్ళి పిన్నిగారితో నెమ్మదిగా చెప్పేస్తాను. ఇక దీన్ని నలుగురిలో పెట్టడం ఎందుకు, అయిపోయిందిగా" అన్నాడు.

భూతద్దం దారికడ్డంగా నిలబడింది. అడ్డంగా నిలబడాలని అనుకోలేదు, కాళ్ళే నిలబడ్డాయి. "సార్, తప్పు మొదటి పేజీలో పడితే సవరణ చివరి పేజీలో చిన్నక్షరాల్లో వెయ్యకూడదు. తప్పు ఏ పేజీలో ఎంత పెద్ద అక్షరాల్లో పడిందో, సవరణా అక్కడే, అంతే పెద్దగా పడాలి. మీరు ఆ మాట హాల్లో అన్నారు. ఇరవై మంది విన్నారు."

ఉద్యోగం పోతుందేమోనని ఒక్క క్షణం భయం వేసింది ఆమెకు. అబద్ధమెందుకు, వేసింది. కానీ పక్కకు జరగలేదు. మేనేజరు ఆమె వంకా, డాక్టరమ్మ వంకా చూశాడు. డాక్టరమ్మ అప్పటికే హాల్లోకి నడుస్తోంది.

హాలంతా లేచి నిలబడింది. పిన్నిగారిని పిలిచారు. వచ్చి, తన కుర్చీ వెనక, కుర్చీ ముట్టుకోకుండా నిలబడింది. మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "బుధవారం ఇక్కడ నిలబడి నేను అన్నది తప్పు. రిపోర్టుల్ని మార్చింది పిన్నిగారు కాదు, మన ప్రోగ్రాము. ఆవిడ ఒక్క అక్షరం మార్చలేదు. నేను విచారించకుండా మాట్లాడాను. క్షమించమని అడుగుతున్నాను." చెప్పేసరికి చెమట పట్టింది ఆయనకు. కానీ గొంతు తగ్గించలేదు, అది ఒప్పుకోవాలి. ఇంజినీరు ముందుకొచ్చి, "మార్చొచ్చని మొదట అన్నది నేనే పిన్నిగారూ" అని చేతులు జోడించాడు.

పిన్నిగారు ఇద్దరికీ తల ఊపింది. కుర్చీ తుడుచుకుంది. కళ్ళజోడు పెట్టుకుంది. భూతద్దం తన బల్ల దగ్గరికి వెళ్ళిపోబోయింది. రెండు రోజుల కిందట దిగిన ముల్లు ఇంకా కదలలేదు. ఆవిడ పేరు నిలబెట్టడం వేరు, ఆవిడ మనసు గాయపరచడం వేరు. ఒకటి చేసినంత మాత్రాన రెండోది చెరిగిపోదని ఆమెకు తెలుసు.

"ఇలా రావే" అని పిలిచింది పిన్నిగారు.

వెళ్ళింది. "పిన్నిగారూ, మొన్న నేనలా అడగకుండా ఉండాల్సింది..."

"నోర్ముయ్" అంది ఆవిడ, ఆమె చెయ్యి పట్టుకుని. అప్పుడు చూసింది భూతద్దం, ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు. "ముప్ఫై ఒక్కేళ్ళు వీళ్ళందరితో కలిసి పనిచేశాను. ఇరవై మందిలో నన్ను అడిగింది నువ్వొక్కదానివే. మిగతావాళ్ళకి అడగాల్సిన అవసరం కూడా కనిపించలేదు."